జెల్లీఫిష్ కుట్టిన చోట మంచినీళ్లు పోయకండి

ప్రశ్న: సెలవుల్లో సముద్రంలో దిగినప్పుడు మా పన్నెండేళ్ల అమ్మాయికి పిక్క మీద ఏదో కుట్టింది. కేకలు పెడుతూ ఒడ్డుకు వచ్చేసరికి కాలికి నీలం దారం లాంటిది చుట్టుకుని ఉంది. దగ్గర్లో ఇసుక మీద నీలిరంగు బుడగలు కూడా కనిపించాయి. వెంటనే సీసాలోని మంచినీళ్లు పోసి కడిగాను. మంట ఇంకా ఎక్కువైంది. పక్కనున్నవాళ్లు ఇసుకతో రుద్దమంటే రుద్దాను. ఒకరు శానిటైజర్ ఇచ్చారు, అదీ రాశాను. మూత్రం పోయమన్నవాళ్లూ ఉన్నారు గానీ ఆ పని చేయలేదు. రాత్రి దాకా ఏడుస్తూనే ఉంది. రెండు రోజుల్లో తగ్గింది. ఇప్పుడు తొమ్మిదో రోజున అవే గీతల మీద దద్దుర్లు లేచి విపరీతమైన దురద. విషం లోపల మిగిలిపోయిందా? ఆ రోజు ఏం చేసి ఉండాల్సింది? పాపను మళ్లీ సముద్రంలోకి పంపవచ్చా?

సమాధానం: ముందు పాప సంగతి. విషం మిగిలిపోలేదు, భయపడకండి. కుట్టిన వారానికో రెండు వారాలకో అవే గీతల మీద దద్దుర్లు మళ్లీ లేవడం జెల్లీఫిష్ విషయంలో తెలిసిన సంగతే. చర్మంలోకి దిగిన పరాయి ప్రొటీన్ల మీద ఒంట్లోని రోగనిరోధక కణాలు ఆలస్యంగా తిరగబడితే వచ్చే దురద ఇది. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము పలుచగా రోజుకు రెండుసార్లు, వారం మించకుండా రాయండి. చర్మం చిట్లిన చోట, పుండు పడిన చోట మాత్రం వద్దు. దురదతో నిద్ర పట్టకపోతే రాత్రిపూట సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేయవచ్చు. పన్నెండేళ్లు నిండిన పిల్లలకు అది మామూలు మోతాదే. కిడ్నీ జబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టరును అడిగాకే వేయండి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. ఇప్పుడు అసలు ఇబ్బంది గోకుడుతోనే వస్తుంది. గోకిన చోట చీము పట్టినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అది ఇన్‌ఫెక్షన్, క్రీముతో పోదు. అలాగే బొబ్బలు లేచినా, దద్దుర్లు ఆ గీతలు దాటి ఒళ్లంతా వచ్చినా డాక్టరుకు చూపించండి. దురద తగ్గాక గీతలు గోధుమరంగుకు తిరిగి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటాయి. వాటి మీద ఎండ పడనివ్వకండి, నల్లబడతాయి.

నీలం దారం, ఒడ్డున నీలి బుడగలు అన్నారు కాబట్టి కుట్టింది దాదాపుగా బ్లూబాటిల్ జాతిదే. ఫైసేలియా అంటారు, పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్ అన్న పేరూ దీనిదే. నిజానికి ఇది జెల్లీఫిష్ కాదు. ఒక్క ప్రాణి కూడా కాదు, తలా ఒక పని పంచుకున్న చిన్న చిన్న జీవుల గుంపు. పైన తేలే బుడగ అరచేతిలో పట్టేంత ఉంటే, కింద వేలాడే తీగలు మీటర్ల కొద్దీ పొడవుంటాయి. అందుకే బుడగకు ఎంతో దూరంలో ఈదుతున్నవాళ్లను కూడా కుడుతుంది. ప్రథమ చికిత్సలో జెల్లీఫిష్‌కూ దీనికీ చాలా భాగం ఒకటే. తేడా వచ్చేది వెనిగర్ దగ్గర, దాని సంగతి తర్వాత చెబుతాం.

ఆ రోజు మంట ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఆ నీలం దారాన్ని దగ్గరగా చూడాలి. తడి దారంలా కనిపించే ఆ తీగ పొడవునా పూసల్లాంటి ముడులు ఉంటాయి. ఒక్కో ముడిలో కంటికి ఆనని దంశకణాలు, అంటే కుట్టే కణాలు, వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో కణంలో ఒక తిత్తి, దానిలో స్ప్రింగులా చుట్టుకున్న బోలు గొట్టం, దాని మొదట్లో ముళ్లు, చుట్టూ విషం. తిత్తిలో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 150 రెట్ల దాకా ఉంటుంది. కణం పేలితే ఆ గొట్టం తిరగబడి సూదిలా చర్మంలోకి దిగుతుంది. వీటి బంధువైన హైడ్రా కణాలను అతివేగపు కెమెరాతో చూసి 2006లో లెక్కగట్టారు: ముళ్లు బయటికి దూకడానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. అంటే కుట్టిన క్షణాన ఆపడం ఎవరివల్లా కాదు. మన చేతుల్లో ఉన్నది ఆ తర్వాతి సంగతి.

తీగ చర్మానికి తగిలినప్పుడు దానిలోని కణాలన్నీ పేలవు. ఎన్నో కణాలు పేలకుండా అలాగే అంటుకుని ఉంటాయి. సాయం చేయబోయేవాళ్లు చేసే పొరపాట్లన్నీ ఈ పేలని కణాలను పేల్చేవే. ఉప్పునీటిలో బతికే కణం మీద మంచినీళ్లు పడగానే లోపలికీ బయటికీ ఉప్పు తేడా వచ్చి, నీరు లోపలికి దూసుకెళ్లి కణం పేలుతుంది. మీరు సీసా వంచగానే పాప గట్టిగా ఏడవడానికి కారణం అదే. ఇసుకతో రుద్దితే ఒత్తిడికి మరికొన్ని పేలతాయి, చర్మమూ గీరుకుపోతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు, ఆల్కహాల్ ఉన్న మరేదైనా రసాయనంగా కణాలను రెచ్చగొడుతుంది. మూత్రం దాదాపు అంతా నీరే. దానిలో ఉప్పు, ఆమ్లం ఒక్కొక్కరిలో ఒక్కోలా, పూటకోలా ఉంటాయి. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, పోయకపోవడం మంచిదైంది. ఏటీఎం కార్డు అంచుతో గీకి తీయమన్న సలహా పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. అదీ వద్దు. గీకితే పేలని కణాలు నలుగుతాయి, అప్పటికే పేలిన గొట్టాల్లో మిగిలిన విషం కూడా లోపలికి నెట్టుకుపోతుంది. గట్టిగా కట్టు కట్టకూడదన్నది కూడా ఇందుకే. పాముకాటుకు కట్టే కట్టు ఇక్కడ పనికిరాదు.

ఇక చేయాల్సిన పని. ముందు నీళ్లలోంచి బయటికి తేవాలి. నొప్పికి బెదిరి నీళ్లు మింగి మునిగిపోయే ప్రమాదం చాలా సందర్భాల్లో విషం కంటే పెద్దది. ఒడ్డున కూర్చోబెట్టి కాలు కదపనివ్వకండి, పిక్క కండరం కదిలే కొద్దీ విషం ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది. తర్వాత సముద్రపు నీళ్లు. బకెట్టో సీసానో ముంచి, పై నుంచి కిందికి, రుద్దకుండా, ధారగా పోయండి. వదులుగా ఉన్న తీగలు వాటితో జారిపోతాయి. అంటుకుని మిగిలిన వాటిని పట్టకారుతో పట్టుకుని నిలువుగా పైకి ఎత్తి తీయండి, పక్కకు లాగకండి. పట్టకారు లేకపోతే చేతికి రెండు పొరలుగా ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తీయవచ్చు. వేలి కొసల చర్మం మందం కాబట్టి వట్టి చేత్తో తీసినా కొంచెం చురుక్కుమనడంతో పోయేది చాలాసార్లు. కానీ అదే చేత్తో కళ్లు తుడుచుకుంటే పెద్ద బాధే. తీసిన ముక్కను ఇసుకలో వదిలేయకండి. ఎండిపోయిన తీగ కూడా మళ్లీ తడి తగిలితే కుడుతుంది. చచ్చి ఒడ్డున పడిన జెల్లీఫిష్‌ను పిల్లలు పుల్లతో కదపడం, చేత్తో ఎత్తడం చూసీ చూడనట్టు వదిలేయకూడనిది ఇందుకే.

ఆ తర్వాత వేడినీళ్లు. నొప్పికి నిజంగా పనిచేసేది ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. విషంలోని ప్రొటీన్లు వేడికి చెడతాయి. 2006లో ఆస్ట్రేలియాలో బ్లూబాటిల్ కుట్టిన 96 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 45 డిగ్రీల వేడినీళ్లు, రెండో జట్టుకు ఐస్ ప్యాకులు ఇచ్చి పోల్చారు. 20 నిమిషాలకు వేడినీళ్లు వాడినవాళ్లలో 87 శాతం మందికి నొప్పి తగ్గింది, ఐస్ వాడినవాళ్లలో 33 శాతం మందికి.

45 డిగ్రీలంటే ఎంత? ఓర్చుకోగలిగినంత వేడి, అంతకంటే ఒక్క మెట్టు కూడా పైకి వద్దు. జ్వరం చూసే థర్మామీటర్లు మామూలుగా 42 దగ్గరే ఆగిపోతాయి, గాజుదైతే వేడినీళ్లలో పగిలే ప్రమాదం కూడా ఉంది. నీళ్ల వేడి చూసే థర్మామీటర్ లేకపోతే పాళ్ల లెక్క చేతిలో ఉంచుకోండి. మామూలు నీళ్లు 28 డిగ్రీలున్నాయనుకుంటే, మూడు పాళ్లు మామూలు నీళ్లలో ఒక పాలు మరిగే నీళ్లు కలిపితే లెక్కకు 46 వస్తుంది. బకెట్ కొంత వేడి లాగేసుకుంటుంది కాబట్టి 45 దగ్గర నిలుస్తుంది. పిల్లల చర్మం పలుచన, వాళ్లకు నాలుగు పాళ్లకు ఒక పాలు కలిపి మొదలుపెట్టండి, 42 దాకా వస్తుంది. ఎవరికైనా సరే, ముందు మీ మోచెయ్యి ఆ నీళ్లలో ముంచి పది సెకన్లు ఉంచి చూడండి. మీకు ఓర్చుకోలేనంత ఉంటే వాళ్ల కాలికీ అంతే. కుట్టిన కాలితో పరీక్ష చేయకండి. నొప్పిలో ఉన్న కాలికి వేడి సరిగా తెలియదు, కాలిన బొబ్బ లేచాక గానీ బయటపడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

కనీసం 20 నిమిషాలు ముంచి ఉంచాలి. నొప్పి తగ్గకపోతే ఇంకో 20 నిమిషాలు. నాలుగైదు నిమిషాలకే నీళ్లు చల్లబడతాయి. కాలు బయటికి తీసి, వేడినీళ్లు చేర్చి, కలిపి, మళ్లీ మోచెయ్యి పెట్టి చూసి, అప్పుడు ముంచాలి. కాలు లోపలుండగా మరిగే నీళ్లు పోయకూడదు. ఛాతీ, వీపు లాంటి చోట్ల ముంచడం కుదరదు కాబట్టి వేడినీళ్ల షవర్ కింద నిలబెట్టండి, లేదా తువ్వాలు తడిపి పిండి వేస్తూ రెండు నిమిషాలకోసారి మార్చండి.

మంచినీళ్లు వద్దని చెప్పి ఇప్పుడు వేడి మంచినీళ్లు ఎలా పోయమంటున్నారని అడగవచ్చు. అందుకే వరస ముఖ్యం. సముద్రపు నీళ్లతో కడిగి, తీగలు తీశాక చర్మం మీద పేలని కణాలు కొద్దిగానే మిగులుతాయి. అప్పుడు వేడి చేసే మేలు ఎక్కువ. వరస తప్పితే అదే నీళ్లు కీడు చేస్తాయి. వేడినీళ్లు దొరికే దారే లేకపోతే ఐస్‌ను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, పొడి గుడ్డ చుట్టి పది నిమిషాలు పెట్టండి. కరిగిన నీరు చర్మానికి తగలకూడదు. నొప్పి కొంత మొద్దుబారుతుంది. వయసుకూ బరువుకూ తగ్గ మోతాదులో పారాసెటమాల్ వేయవచ్చు.

ఇప్పుడు వెనిగర్. దీని మీద వినిపించేదంతా సగం నిజం. వెనిగర్ నొప్పి తగ్గించే మందు కాదు. పేలని కణాలను పేలకుండా కట్టేయడమే దాని పని, అదీ కొన్ని జాతుల్లోనే. బాక్స్ జెల్లీఫిష్ మీద అది ఖాయంగా పనిచేస్తుంది. వాటిలో ఒకటైన, ఉత్తర ఆస్ట్రేలియా తీరంలో ఉండే కైరోనెక్స్ ఫ్లెకెరీకి నాలుగు మూలల నుంచి 60 దాకా తీగలుంటాయి, ఒక్కొక్కటి 3 మీటర్ల దాకా సాగుతుంది. దాని బంధువులు ఆగ్నేయాసియా సముద్రాల్లోనూ ఉన్నాయి. అది కుడితే చర్మం మీద కొరడా దెబ్బల్లాంటి వెడల్పు చారలు, వాటిలో అడ్డంగా నిచ్చెన మెట్లలాంటి గుర్తులు తేలతాయి. మీ పాప కాలి మీద పూసలు గుచ్చిన దారంలా సన్నని గీత పడి ఉంటుంది, తేడా అక్కడే తెలుస్తుంది. బాక్స్ జెల్లీఫిష్ అయితే 4 నుంచి 6 శాతం అసిటిక్ ఆమ్లం ఉన్న మామూలు వెనిగర్‌ను నీళ్లు కలపకుండా కనీసం 30 సెకన్లు ధారగా పోయాలి, తర్వాతే తీగలు తీయాలి. బ్లూబాటిల్‌కు వెనిగర్ పోయవద్దని ఆస్ట్రేలియా ప్రథమ చికిత్స మార్గదర్శకాలు చెబుతాయి. మంచిదేనని ప్రయోగశాలలో తేల్చినవాళ్లూ ఉన్నారు, పరిశోధకులు దీని మీద ఇంకా ఒక మాట మీదికి రాలేదు. మరికొన్ని జాతుల్లో వెనిగర్ పడగానే కణాలు పేలడం గమనించారు. కాబట్టి ఆచరణలో ఇలా పెట్టుకోండి: నీలి బుడగ, నీలం దారం స్పష్టంగా కనిపిస్తే ముందు సముద్రపు నీళ్లు, తర్వాత వేడినీళ్లు వాడండి, వెనిగర్ మాత్రం వద్దు. ఉష్ణమండల సముద్రంలో కుట్టిందేమిటో తెలియకపోతే వెనిగర్ పోయడమే క్షేమం, ఎందుకంటే అక్కడ పొరపడితే పోయేది ప్రాణం. కంట్లో, నోట్లో మాత్రం వెనిగర్ ఎప్పుడూ పోయకండి. కంటికి తగిలితే శుభ్రమైన నీళ్లతో 15 నిమిషాలు కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒడ్డునే ఉండి వైద్యం చేసుకోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఊపిరి ఆడకపోవడం, గొంతు బొంగురుపోవడం, పెదవులు, నాలుక వాయడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఆగని వాంతులు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్స్ పిలవాలి. చెయ్యి లేదా కాలు సగానికి పైగా చారలు పడ్డా, ముఖం మీద కుట్టినా, కుట్టింది పసిపిల్లలనో గర్భిణినో వృద్ధులనో అయినా ఆసుపత్రిలో చూపించాలి. కైరోనెక్స్ గట్టిగా కుడితే కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగిపోవచ్చు. మనిషి కూలబడి ఊపిరి తీయకపోతే వెనిగర్ కోసం వెతకకండి, సీపీఆర్ మొదలుపెట్టండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ, 30 నొక్కులకు రెండు ఊపిర్లు ఇవ్వాలి. వెనిగర్ పోసే పని పక్కవాళ్లకు అప్పగించండి.

అసలు మోసం చేసేది చిన్నది. ఇరుకాంజీ అనే బాక్స్ జెల్లీఫిష్ గొడుగు వేలిగోరంత ఉంటుంది. కుట్టిన చోట పెద్దగా గుర్తు కూడా పడదు. అరగంట గడిచాక నడుములో, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒళ్లంతా చెమటలు, వాంతులు, చచ్చిపోతానేమోనన్న భయం, రక్తపోటు పెరగడం మొదలవుతాయి. ఆ జబ్బుకు కారణమేమిటో ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 1961లో ఆస్ట్రేలియా వైద్యుడు జాక్ బార్న్స్ ఈ జెల్లీఫిష్‌ను పట్టుకుని తన మీదే కుట్టించుకుని మరీ నిరూపించారు, చివరికి ఆసుపత్రి పాలయ్యారు. ఆ జీవికి ఆయన పేరే పెట్టారు, కారుకియా బార్నెసీ అని. అందుకే మంట తగ్గింది కదా అని వెంటనే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోకండి. కుట్టించుకున్న మనిషిని గంట సేపు ఒంటరిగా వదలకండి, మళ్లీ నీళ్లలోకి దిగనివ్వకండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. పట్టకారు ఒకటి, రబ్బరు చేతి తొడుగులు రెండు జతలు, అర లీటరు వెనిగర్, మరిగించిన నీళ్లు నింపిన లీటరు ఫ్లాస్కు, మడిచే బకెట్. ఆ లీటరుతో పైన చెప్పిన పాళ్లలో నాలుగైదు లీటర్లు తయారవుతాయి. పిల్లల పాదం ముంచడానికి మొదట అవి చాలు, ఆలోగా వేడినీళ్లు దొరికే గదికి చేరవచ్చు. సముద్రపు నీళ్లు ఎలాగూ అక్కడే ఉంటాయి.

మళ్లీ పంపవచ్చా అన్నారు. దురద పూర్తిగా తగ్గి, చర్మం మానాక పంపవచ్చు. గీతల మీద మళ్లీ లేచిన దద్దుర్లు, రెండోసారి కుడితే ప్రాణం మీదికి వస్తుందనడానికి సూచన కాదు. ఆ ప్రమాదం వేరు, దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఆ మాట పుట్టిందీ సముద్రపు విషాల మీద పరిశోధన నుంచే. ఫైసేలియా విషంతో మొదలుపెట్టి, ఆ పనిని సీ ఎనిమోన్ అనే, పువ్వులా కనిపించే సముద్ర జీవి విషంతో కొనసాగించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ రిషే 1913లో నోబెల్ అందుకున్నారు. ఆ రోజు కుట్టిన వెంటనే పాపకు ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం లాంటివి వచ్చి ఉంటే మాత్రం సముద్రానికి వెళ్లేముందు ఎలర్జీ వైద్యులను కలవండి, అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవాలో లేదో వాళ్లే చెబుతారు. మీ ఉత్తరంలో అలాంటివేమీ లేవు.

వెళ్లినప్పుడు నీళ్లలోకి దిగేముందు తడి ఇసుక అంచు వెంట ఒక పది నిమిషాలు నడవండి. నీలి బుడగలు కొట్టుకొచ్చి ఉంటే ఆ రోజు దిగవద్దు. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డు వైపు గట్టిగా వీచినప్పుడు అవి గుంపులుగా వస్తాయి. పాపకు ఒళ్లంతా కప్పే పలుచని లైక్రా ఈత దుస్తులు వేయండి, దంశకణాల గొట్టాలు చాలావరకు ఆ బట్ట దాటి చర్మానికి చేరలేవు. ఈత అయ్యాక ఆ దుస్తులు విప్పేసి, అప్పుడు మంచినీళ్ల స్నానం చేయించండి. బట్టలో చిక్కుకున్న పిల్ల జెల్లీఫిష్‌లు మంచినీళ్లు తగలగానే కుట్టి, సరిగ్గా బట్ట కప్పిన మేరకే దద్దుర్లు లేపుతాయి. మొన్నటి దుస్తులూ తువ్వాలూ ఇంకా ఉతక్కపోతే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బు కలిపిన వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టండి.